రాడ్ బోల్టులు ఎంత బిగించాలి, పాత బోల్టులే మళ్లీ వేయొచ్చా?

పరకాల రైతుబిడ్డ | బుధవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ట్రాక్టర్ ఇంజిన్ విప్పాం. మూడు సిలిండర్ల డీజిల్. పోయిన పత్తి సీజన్ నుంచే కింద టక్‌టక్ మని చప్పుడు, బండి వేడెక్కాక ఆయిల్ లైటు మిణుకుమనడం. సంప్ (కింది ఆయిల్ తొట్టి) దించి చూస్తే రెండో సిలిండర్ బిగ్ ఎండ్ షెల్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్ కింది పెద్ద కన్నులో ఉండే బేరింగ్ రేకు) అరిగి రాగి రంగు తేలింది. క్రాంక్ వరంగల్‌లో గ్రైండింగ్‌కు ఇచ్చాం, 0.25 మి.మీ. దించారు. దానికి సరిపోయే సైజు షెల్స్ తెచ్చుకున్నాం.

మా ఊరి మెకానిక్ అన్న మంచి పనివాడే. కానీ ఆయన దగ్గర టార్క్ రెంచ్ (తిప్పే బలం కొలిచే పానా) లేదు. రాడ్‌కు క్యాప్‌ను (ఆ పెద్ద కన్ను కింది సగం) పట్టే బోల్టులను పానాకు పైపు తగిలించి, చేతి అంచనాతో బిగిస్తానంటున్నాడు, అవి కూడా పాతవే. మా బాబాయేమో థ్రెడ్ లాక్ గమ్ పెట్టమంటున్నాడు. పార్టుల షాపులో ఒకాయన, ఆయిల్ అస్సలు తగలనీయొద్దు, పొడిగానే బిగించాలి అన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వానలు పడేలోపు బండి పొలంలోకి దిగాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

మట్టెవాడ మెకానిక్ | బుధవారం రాత్రి 10:05

తమ్మీ, మీ మెకానిక్‌ను తక్కువ అంచనా వేయకు. మండీ బజార్ చుట్టుపక్కల షెడ్లలో ఎన్ని ఇంజిన్లు చేతి అంచనాతో కట్టలేదు? బోల్టు ఎప్పుడు పట్టుకుంటుందో, ఎప్పుడు మెత్తబడుతుందో చేయికి తెలుస్తుంది. పాత బోల్టు థ్రెడ్ బాగుంటే వేసుకోవచ్చు. పైపు మాత్రం వేయనీయకు. పొడవు పెరిగితే చేయికి ఏమీ తెలియదు, అదే తప్పు.

జమ్మికుంట హార్వెస్టర్ | బుధవారం రాత్రి 10:31

అన్నా, నీ మాట కాదనను గానీ నా అనుభవం చెప్తా. యాసంగి వరి కోతలు మంచి జోరు మీదున్నప్పుడు నా మిషన్ పొలం మధ్యలో ఒక్క దెబ్బకు ఆగిపోయింది. బ్లాక్ పక్కన చెయ్యి పట్టేంత రంధ్రం, రాడ్ సగం బయటికి వచ్చింది. అంతకుముందు సీజన్‌లోనే ఇంజిన్ కట్టించాను. కట్టినాయన పేరు వద్దులే, ఆయన చేయి కూడా మంచిదే అని అందరూ చెప్పేవాళ్లు.

విరిగిన రెండు బోల్టులూ ఇంకా దాచిపెట్టాను. ఒకటి విరిగిన చోట సగం నున్నగా ఉంది, దాని మీద సన్నటి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. మిగతా సగం గరుకుగా, గింజలు గింజలుగా ఉంది. రెండో బోల్టు వంగి, నడుము దగ్గర సన్నబడి తెగింది. దీన్నిబట్టి తప్పు ఎక్కడ జరిగిందో ఎవరైనా చెప్పగలరా? అప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. ఆయిల్ లేదని ఒకరు, డ్రైవర్ రేస్ ఎక్కువ ఇచ్చాడని ఒకరు.

కాజీపేట ఫిట్టర్ | గురువారం ఉదయం 6:20

జమ్మికుంట తమ్ముడూ, నువ్వు ఆ ముక్కలు దాచడం చాలా మంచి పని. చాలామంది వాటిని అక్కడే పారేస్తారు, తర్వాత కారణం ఎవరికీ దొరకదు.

నున్నటి సగం, దాని మీద వంపు గీతలు అంటే ఆ బోల్టు ఒక్కసారిగా తెగలేదు. ముందు ఒక మూల సన్నటి పగులు పుట్టింది. ఇంజిన్ తిరిగినకొద్దీ అది కొంచెం కొంచెం లోపలికి పాకింది. ఆ గీతలు పగులు ఆగిన చోట్లు. మిగిలిన లోహం బరువు ఆపలేనంత తగ్గినప్పుడు గరుకుగా ఉన్న సగం ఒక్కసారిగా తెగింది. దీన్ని ఫెటీగ్ అంటాం. నడుము సన్నబడిన బోల్టు రెండోది. మొదటిది తెగగానే బరువంతా దాని మీద పడి, సాగి, వంగి తెగింది. కాబట్టి అసలు కథ మొదటి బోల్టులోనే ఉంది.

బోల్టు ఫెటీగ్‌తో ఎందుకు పోతుంది? చాలాసార్లు వదులుగా బిగించడం వల్ల. ఎక్కువ బిగించడం వల్లనే తెగుతుందని జనం అనుకుంటారు, కానీ తక్కువ బిగించిన బోల్టే ఎక్కువ ప్రమాదం. రాడ్, క్యాప్ ఒకదానికొకటి గట్టిగా నొక్కుకుని ఉన్నంతసేపు పిస్టన్ లాగే బరువు వాటి మధ్య ఒత్తిడిని తగ్గిస్తుందే తప్ప బోల్టు దాకా పెద్దగా రాదు. ఆ నొక్కుడు చాలకపోతే అతుకు ప్రతి చుట్టుకూ కాస్త విచ్చుకుంటుంది. అప్పుడు లాగుడంతా బోల్టే మోయాలి, మోసి వదలాలి, మళ్లీ మోయాలి. ఎంత మంచి ఉక్కయినా దానికి తట్టుకోదు.

ఆ లాగుడు ఎక్కువగా వచ్చేది పవర్ స్ట్రోక్‌లో కాదు. మంట పిస్టన్‌ను కిందికి తోసేటప్పుడు రాడ్ నలుగుతుంది, బోల్టులకు పని తక్కువ. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ పైకి దూసుకెళ్తూ ఉంటుంది, పైన గ్యాస్ ఒత్తిడి ఉండదు. అక్కడ దాన్ని ఆపి కిందికి లాగేది రాడ్, రాడ్‌ను పట్టుకునేది క్యాప్, క్యాప్‌ను పట్టుకునేది ఈ బోల్టులు. నిమిషానికి 2,200 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఇది నిమిషానికి 1,100 సార్లు, గంటకు 66,000 సార్లు జరుగుతుంది. రేస్ రెండింతలైతే లాగుడు నాలుగింతలు. అందుకే డ్రైవర్ రేస్ ఇచ్చాడన్న మాటలోనూ కొంత నిజం ఉండొచ్చు, కానీ సరిగా బిగించిన బోల్టు దాన్ని కొంతవరకు ఓర్చుకునేది.

హన్మకొండ టూల్‌బాక్స్ | గురువారం ఉదయం 8:50

ఫిట్టర్ సార్ చెప్పినదానికి లెక్క కలుపుతాను, ఎందుకంటే ఆయిల్ పెట్టాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఆ లెక్కలోనే ఉంది.

ముందు ఒక సంగతి. టార్క్ రెంచ్ బోల్టు ఎంత లాగబడిందో కొలవదు. తిప్పడానికి ఎంత బలం పట్టిందో కొలుస్తుంది. ఆ బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం దాకా థ్రెడ్ల రాపిడికి పోతుంది. మిగిలిన పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. అంటే రాపిడి కొంచెం మారినా అసలు బిగుతు చాలా మారిపోతుంది.

ఒక ఉదాహరణ. ఎం 10 బోల్టు (వ్యాసం 10 మి.మీ.), పిచ్ 1.25 (ఒక చుట్టుకు థ్రెడ్ ముందుకెళ్లే మి.మీ.), గ్రేడ్ 10.9 (ఉక్కు బలం తరగతి) అనుకుందాం. థ్రెడ్ దగ్గర లెక్కకొచ్చే వైశాల్యం 61.2 చదరపు మి.మీ. ఈ గ్రేడ్ ప్రూఫ్ స్ట్రెస్ 830 మెగాపాస్కల్. రెండూ గుణిస్తే సుమారు 50.8 కిలోన్యూటన్లు. ఇది ఆ బోల్టు శాశ్వతంగా సాగకుండా మోయగల హద్దు. అందులో ముప్పావు వంతు, 38 కిలోన్యూటన్లు మనకు కావాలి. కిలోల్లో చెప్తే దాదాపు 3,900. ఒక్క బోల్టు!

టార్క్‌కు మోటు సూత్రం: రాపిడి గుణకం, బోల్టు వ్యాసం, కావాల్సిన లాగుడు, ఈ మూడింటినీ గుణించాలి. పొడి బోల్టుకు గుణకం సుమారు 0.20, ఇంజిన్ ఆయిల్ పెడితే సుమారు 0.15. కాబట్టి పొడిగా అయితే 76 న్యూటన్ మీటర్లు, ఆయిల్‌తో అయితే 57. ఇప్పుడు మాన్యువల్ ఆయిల్ పెట్టి 57 అని చెప్తే, షాపాయన మాట విని పొడిగా 57 బిగిస్తే ఏమవుతుంది? లాగుడు 28.5 కిలోన్యూటన్లే. నాలుగో వంతు పోయింది, రెంచ్ మాత్రం పెట్టిన అంకె చేరిందని చక్కగా క్లిక్‌మంటుంది. తలకిందులుగా చూడండి, పొడి అంకె 76ను ఆయిల్ పెట్టి బిగిస్తే 50.7, సరిగ్గా హద్దుకు ఆనుకుంది.

అందుకే పొడిగానా, ఆయిల్‌తోనా అన్నది మెకానిక్ ఇష్టం కాదు. ఆ ఇంజిన్ మాన్యువల్ ఏం చెప్తే అది. రాడ్ బోల్టులకు ఎక్కువ మాన్యువల్స్ థ్రెడ్లకూ తల కిందా శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయమంటాయి. తల కింద రాయడం మర్చిపోవద్దు, ఎక్కువ రాపిడి అక్కడే. గ్రీజు, మాలిబ్డినం పేస్టు లాంటివి సొంతంగా వాడొద్దు, అవి ఆయిల్ కంటే ఇంకా జారుతాయి.

మట్టెవాడ మెకానిక్ | గురువారం మధ్యాహ్నం 1:15

లెక్క బాగుంది. మరి చేతి అంచనా సంగతేంటి? ఇంతకాలం మేం కట్టిన ఇంజిన్లు పరుగెత్తుతూనే ఉన్నాయి గదా.

కాజీపేట ఫిట్టర్ | గురువారం సాయంత్రం 5:30

పరుగెత్తుతున్నాయి, నిజమే. కంపెనీలు బోల్టుకు చాలా మార్జిన్ పెడతాయి కాబట్టి పరుగెత్తుతున్నాయి. చేయికి తెలిసేది కూడా తిప్పడానికి పట్టిన బలమే. తుప్పు పట్టిన థ్రెడ్ దగ్గర చేయి "చాలు" అంటుంది, ఆయిల్ ఉన్న థ్రెడ్ దగ్గర "ఇంకా" అంటుంది. ఆ రెండు బోల్టుల్లో నిజమైన లాగుడు ఎంత తేడా ఉందో చేయికి తెలిసే దారి లేదు. ఒక్క రాడ్‌కే రెండు బోల్టులు రెండు రకాలుగా బిగిస్తే బిగ్ ఎండ్ గుండ్రంగా ఉండదు.

ఇంకో మాట. షెల్స్ క్యాప్ అంచు కంటే ఒక వెంట్రుక మందం పైకి ఉంటాయి, గమనించే ఉంటారు. క్యాప్ బిగిస్తే ఆ ఎత్తు నలిగి, షెల్ రాడ్ లోపలి గోడకు ఒత్తుకుని కదలకుండా కూర్చుంటుంది. చిన్న నాలుక ఉంటుంది గదా షెల్‌కు, షెల్‌ను ఆపేది అదే అనుకుంటారు. అది సరైన చోట కూర్చోబెట్టడానికే. ఆపేది ఈ నొక్కుడే. బిగుతు చాలకపోతే షెల్ తిరిగి ఆయిల్ రంధ్రం మూసేస్తుంది, తర్వాత క్రాంక్ పోతుంది.

చేయికి తెలిసే గొప్ప విషయం మాత్రం ఒకటుంది, మీరు మొదటే చెప్పారు. తిప్పుతుంటే బలం పెరగకుండా బోల్టు మెత్తగా తిరుగుతూ ఉంటే అది యీల్డ్ అవుతోంది, అంటే శాశ్వతంగా సాగుతోంది. ఆ మెత్తదనం మామూలు బోల్టులో కనిపిస్తే అక్కడే ఆపి, తీసి, పారేయాలి. రెంచ్ పట్టుకున్నా ఆ ధ్యాస చేతిలో ఉండాలి. కొత్త పిల్లలకు క్లిక్ కోసం ఎదురుచూడటం తప్ప ఇది తెలియడం లేదు.

పరకాల రైతుబిడ్డ | గురువారం రాత్రి 9:10

సార్, చాలా విషయాలు తెలిశాయి. ఇప్పుడు నా ప్రశ్న, పాత బోల్టులు పనికొస్తాయో లేదో ఎలా చూడాలి? కొత్తవి దొరుకుతాయి గానీ తెప్పించాలంటే ఆలస్యం అవుతుందంటున్నారు.

గోదావరిఖని డంపర్ | గురువారం రాత్రి 10:45

తమ్మీ, ముందు మాన్యువల్‌లో ఒక్క సంగతి చూడు. బిగింపు కేవలం టార్క్‌గా రాశారా, లేక ఇంత టార్క్, ఆ పైన 60 డిగ్రీలో 90 డిగ్రీలో తిప్పమని రాశారా? రెండో రకం అయితే అవి చాలావరకు యీల్డ్ దాకా సాగదీసే బోల్టులు. అలాంటివి ఒక్కసారికే. మళ్లీ వాడుకోవచ్చని, ఇంత పొడవు దాటకూడదని మాన్యువల్ స్పష్టంగా రాస్తే తప్ప పాతవి వేయకు.

డిగ్రీలు ఎందుకు పెడతారంటే, బోల్టు ఒకసారి ఆనుకున్నాక డిగ్రీలకు రాపిడితో సంబంధం లేదు. 1.25 పిచ్ బోల్టును 90 డిగ్రీలు తిప్పితే పావు చుట్టు, థ్రెడ్ 0.31 మి.మీ. ముందుకెళ్లాల్సిందే, పొడిగా ఉన్నా జిడ్డుగా ఉన్నా. బోల్టు సాగడం, అతుకు నలగడం ఆ 0.31 లోనే పంచుకుంటాయి. అందుకే బోల్టు బోల్టుకు తేడా బాగా తగ్గుతుంది. కానీ మొదటి టార్క్ సరిగా ఉండాలి, కింద మట్టి గిట్ట ఉంటే ఆ డిగ్రీలన్నీ మట్టిని నలపడానికే పోతాయి. తల మీద పెయింట్ చుక్క, సాకెట్ మీద చుక్క పెట్టుకుని తిప్పు. కంటి అంచనాతో 90 సులభం, 60కి మాత్రం డిగ్రీ గేజ్ పెట్టుకో.

కేవలం టార్క్ అని ఉంటే పాత బోల్టులను పరీక్షించి వాడొచ్చు. నేను చూసే పద్ధతి ఇది. డీజిల్‌లో కడిగి తుడిచి, అన్నింటినీ ఒక చదును పలక మీద తలకిందులుగా పక్కపక్కనే నిలబెట్టు. ఒకటి ఎత్తుగా కనిపిస్తే అది సాగింది. తర్వాత నట్టును (లేదా అదే థ్రెడ్ ఉన్న మంచి నట్టును) వేళ్లతో చివరిదాకా తిప్పు. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే ఆ చోట థ్రెడ్ పిచ్ సాగిపోయింది. మైక్రోమీటర్ ఉంటే నడుము మధ్యలో ఒకటి, తల దగ్గర ఒకటి కొలిచి చూడు, మధ్యలో సన్నబడి ఉండకూడదు. తల కింద గీరుకుపోయి ఉంటే, తుప్పు గుంటలుంటే, గీత కనిపిస్తే చూడక్కర్లేదు, పారేయ్. తుప్పు గుంట దగ్గరే పగులు పుడుతుంది.

నీ విషయంలో ఇంకోటి ఉంది. రెండో సిలిండర్ చాలా రోజులు టక్‌టక్ మంటూ తిరిగింది. ఆ దెబ్బలు తిన్న బోల్టులను, బయటికి బాగున్నా సరే, నేనైతే మళ్లీ వేయను. కనీసం ఆ రాడ్‌కు కొత్తవి వేయి. బోల్టు ధర ఎంత, క్రాంక్ ధర ఎంత!

మిషన్ షాపు వరంగల్ | శుక్రవారం ఉదయం 11:00

పరకాల తమ్ముడు క్రాంక్ గ్రైండింగ్ ఒక్కటే చేయించినట్టున్నాడు. రాడ్లు కొలిపించారా? ఎవరూ ఈ మాట ఎత్తలేదు. టక్‌టక్ మన్న రాడ్ పెద్ద కన్ను గుండ్రంగా మిగలదు, నిలువునా సాగి ఉంటుంది. షెల్స్ తీసేసి, ఖాళీ క్యాప్ పూర్తి టార్క్‌తో బిగించి, బోర్ గేజ్‌తో నిలువుగా, ఐమూలగా కొలవాలి. అతుకు గీత మీద కొలవొద్దు. వదులుగా బిగించి కొలిస్తే ఆ కొలతకు విలువ లేదు.

కొత్త బోల్టులు వేసేటట్టుంటే అవి వేశాకే కొలవాలి. కొంతమంది ఏఆర్‌పీ లాంటి కంపెనీల గట్టి బోల్టులు వేస్తారు, వాటి బిగుతు ఎక్కువ కాబట్టి పెద్ద కన్ను ఆకారం కాస్త మారుతుంది. అప్పుడు మళ్లీ హోనింగ్ (కన్ను లోపల సన్నగా రుద్ది గుండ్రం చేయడం) చేయాల్సిందే.

క్యాప్‌లు కలిసిపోకుండా చూసుకోండి. విప్పేటప్పుడే నంబర్లు ఉన్నాయో లేదో చూడాలి, రాడ్ మీద, క్యాప్ మీద ఒకే అంకె, ఒకే పక్కకు రావాలి. కొత్త రకం ఇంజిన్లలో రాడ్‌ను ముందు ఒకే ముక్కగా చేసి, పెద్ద కన్ను దగ్గర పగలగొట్టి క్యాప్ చేస్తారు. ఆ పగుల్లో గరుకు గింజలు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. అలాంటి క్యాప్‌ను వేరే రాడ్‌కు వేసినా, తిప్పి వేసి బిగించినా రెండూ పోయినట్టే. ఆ ముఖాన్ని ఆకురాయితో రుద్దడం, బల్ల మీద బోర్లించి పెట్టడం చేయకూడదు.

నర్సంపేట బుల్లెట్ | శుక్రవారం మధ్యాహ్నం 2:20

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పాత బుల్లెట్ క్రాంక్ రిపేరుకు వచ్చింది. దానికి కూడా ఇదే పద్ధతా?

హన్మకొండ టూల్‌బాక్స్ | శుక్రవారం మధ్యాహ్నం 2:45

కాదన్నా. పాత సింగిల్ సిలిండర్ బుల్లెట్‌లో రాడ్ ఒకే ముక్క, దానికి క్యాప్ ఉండదు, బోల్టులూ ఉండవు. క్రాంక్‌నే ముక్కలుగా చేసి పిన్ను దగ్గర కలుపుతారు. నీకు కావాల్సింది క్రాంక్‌ను విప్పి కలిపి, అటూ ఇటూ ఊగకుండా తిరిగేలా సరిచేసే మనిషి. 650 ట్విన్ అయితే షెల్స్, క్యాప్ ఉంటాయి, అప్పుడు ఇక్కడ మాట్లాడుతున్నదంతా వర్తిస్తుంది.

పరకాల రైతుబిడ్డ | శుక్రవారం రాత్రి 8:30

అన్నా, మాన్యువల్ దొరికింది. మాది టార్క్ మాత్రమే, డిగ్రీలు లేవు. ఆయిల్ రాసి బిగించమనే ఉంది. మూడు రాడ్లకూ కొత్త బోల్టులు ఆర్డర్ పెట్టాం. మా బాపు మొదట ఎందుకు అన్నాడు, జమ్మికుంట అన్న పోస్టు చదివి వినిపిస్తే సరేనన్నాడు. రాడ్లు రేపు మిషన్ షాపుకు తీసుకెళ్తున్నాం. హన్మకొండలో మా బంధువు దగ్గర టార్క్ రెంచ్ ఉంది, కానీ దాని మీద రెండు స్కేళ్లు ఉన్నాయి, మాన్యువల్‌లో ఇంకేదో యూనిట్ ఉంది. అది నమ్మొచ్చా లేదా ఎలా తెలుస్తుంది?

హన్మకొండ టూల్‌బాక్స్ | శుక్రవారం రాత్రి 9:05

యూనిట్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, బాగా అడిగావు. మన ట్రాక్టర్ మాన్యువల్స్‌లో కిలోగ్రామ్ మీటర్లు ఉంటాయి, కొన్నింట్లో పౌండ్ అడుగులు, కొత్తవాటిలో న్యూటన్ మీటర్లు. ఒక కిలోగ్రామ్ మీటర్ అంటే 9.81 న్యూటన్ మీటర్లు. ఒక పౌండ్ అడుగు అంటే 1.356 న్యూటన్ మీటర్లు. పైన చెప్పిన 57 న్యూటన్ మీటర్లనే 5.8 కిలోగ్రామ్ మీటర్లు అని రాయొచ్చు, 42 పౌండ్ అడుగులు అని రాయొచ్చు. పుస్తకంలో 42 చూసి రెంచ్‌ను న్యూటన్ మీటర్ల స్కేలు మీద 42కు పెడితే నాలుగో వంతుకు పైగా తక్కువ బిగుస్తుంది. అంకె పక్కన యూనిట్ కూడా కాగితం మీద రాసి గోడకు అంటించండి.

రెంచ్ పరీక్షకు ఒక పద్ధతి. చదరపు కొన వైస్‌లో పట్టించి, పిడిని నేలకు సమాంతరంగా ఉంచు. కొన మధ్య నుంచి సరిగ్గా అర మీటరు దూరంలో 10 కిలోల తూకపు రాయి వేలాడదీయి. అది 5 కిలోగ్రామ్ మీటర్లు, అంటే 49 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువు వల్ల ఇంకో ఒకటి రెండు కలుస్తాయి. రెంచ్‌ను 45కు పెట్టి రాయి మెల్లగా వదిలితే క్లిక్ అనాలి, 56కు పెడితే అనకూడదు. ఇది ల్యాబ్ క్యాలిబ్రేషన్ కాదు, కానీ పూర్తిగా పాడైన రెంచ్‌ను పట్టిస్తుంది. మంచి క్లిక్ రెంచ్ తేడా 4 శాతం లోపు ఉండాలని ఐఎస్‌ఓ 6789 ప్రమాణం. వాడేవాళ్లు ఏడాదికో, 5,000 సార్లు వాడాకో క్యాలిబ్రేషన్ చేయించాలి. పని అయ్యాక స్ప్రింగ్‌ను స్కేలు అడుగు అంకెకు వదిలి పెట్టమను.

కాజీపేట ఫిట్టర్ | శనివారం ఉదయం 6:45

ఇక బిగించే క్రమం చెప్తాను. శుభ్రం దగ్గర తొందరపడొద్దు. కాటన్ వేస్ట్ నూలు పోగులు వదులుతుంది, షెల్స్ దగ్గర పాత మెత్తటి బనియన్ గుడ్డ వాడండి. షెల్ వెనక వైపు, అది కూర్చునే గోడ రెండూ పొడిగా ఉండాలి, ఆయిల్ లోపలి ముఖానికే. వెనక ఒక్క ఇసుక రేణువు ఉన్నా షెల్ అక్కడ ఉబ్బి క్రాంక్‌ను ముట్టుకుంటుంది. థ్రెడ్ రంధ్రం అడుగు మూసి ఉండే రకమైతే అందులో ఆయిల్ పోయొద్దు, బోల్టు ఆయిల్‌ను నొక్కి, బిగిసినట్టు అబద్ధం చెప్తుంది.

ముందు ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి గ్యాప్ చెప్పే సన్నటి మెత్తటి పోచ) షెల్‌కూ క్రాంక్‌కూ మధ్య గ్యాప్ చూసుకోండి. పాత బోల్టులు ఈ పనికి వాడుకోవచ్చు, కొత్తవి చివరి బిగింపుకే ఉంచండి. పోచ పెట్టి పూర్తి టార్క్ బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పు కొలవాలి. మాన్యువల్ హద్దు ఉంటే అదే చూడండి. మోటు లెక్కన జర్నల్ (షెల్ పట్టే క్రాంక్ భాగం) వ్యాసంలో వెయ్యో వంతు, అంటే 50 మి.మీ. జర్నల్‌కు 0.05 మి.మీ.

తర్వాత కొత్త బోల్టులు, ఆయిల్, ముందు చేతి వేళ్లతో చివరిదాకా. వేళ్లతో వెళ్లకపోతే పానా పెట్టి బలవంతం చేయొద్దు. ఆ పైన ఒకటి మార్చి ఒకటి, మూడు దఫాలుగా: మూడో వంతు, మూడింట రెండు వంతులు, పూర్తి. రెంచ్‌ను పిడి మధ్యలో పట్టుకుని ఒకే ఊపులో, మెల్లగా లాగాలి. ఒకసారి క్లిక్ అన్నాక మళ్లీ మళ్లీ క్లిక్‌మనిపించొద్దు, ప్రతిసారీ కాస్త ఎక్కుతుంది. ఒక్కో రాడ్ బిగించాక క్రాంక్ చేత్తో తిప్పి చూడండి. ఏ రాడ్ దగ్గర పట్టేస్తే ఆ రాడ్ అప్పుడే విప్పండి. అన్నీ అయ్యాక చూద్దామంటే ఏది పట్టిందో తెలియదు. రాడ్‌ను అటూ ఇటూ జరిపి సైడ్ గ్యాప్ కూడా ఫీలర్ గేజ్ రేకుతో చూసుకోండి. బిగించిన ప్రతి బోల్టు తల మీద పెయింట్ గీత పెట్టండి. మధ్యలో ఫోన్ వచ్చి లేస్తే ఎక్కడ ఆగారో ఆ గీతే చెప్తుంది.

థ్రెడ్ లాక్ గురించి మీ బాబాయికి చెప్పండి, మాన్యువల్ అడగనప్పుడు రాడ్ బోల్టుకు వద్దు. తడిగా ఉన్నప్పుడు అది కూడా జారుతుంది, టార్క్ లెక్క మారిపోతుంది. బోల్టును వదులు కాకుండా పట్టి ఉంచేది దానిలోని లాగుడే. పాత రకం ఇంజిన్‌లో క్యాసిల్ నట్టు (పైన గాట్లున్న నట్టు), ఆ గాట్లలోంచి పోయే స్ప్లిట్ పిన్ను ఉంటే, రంధ్రం కలవలేదని నట్టును వెనక్కి వదలొద్దు. ఆ నట్టు తీసి వేరేది వేసి చూడండి.

జమ్మికుంట హార్వెస్టర్ | శనివారం ఉదయం 9:30

సార్, పెద్ద ఇంజిన్లకు బోల్టు పొడవే కొలుస్తారని విన్నాను. మనకు అది కుదరదా? ఈసారి నా ఇంజిన్ కట్టేటప్పుడు అలాగే చేయించాలని ఉంది.

కాజీపేట ఫిట్టర్ | శనివారం ఉదయం 10:10

రెండు కొనలూ బయటికి కనిపించే బోల్టు అయితే తప్పకుండా కుదురుతుంది, అదే అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి. బిగించక ముందు పొడవు రాసుకోవాలి, బిగించాక మళ్లీ కొలవాలి. తేడాయే లాగుడు, రాపిడి మాట అక్కడ రాదు. టూల్‌బాక్స్ చెప్పిన ఆ ఎం 10 బోల్టులో సాగే భాగం 45 మి.మీ. అనుకుంటే 38 కిలోన్యూటన్లకు సుమారు 0.136 మి.మీ. సాగుతుంది. నోటు పుస్తకం కాగితం మందం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఇంజిన్ ప్రాణం ఆ కాస్త సాగుడు మీద ఉంది. డయల్ ఉన్న స్ట్రెచ్ గేజ్ కావాలి, మామూలు స్కేలు పనికిరాదు. ఎంత సాగాలో బోల్టు తయారు చేసినవాళ్లు ఇచ్చిన అంకెనే తీసుకోవాలి, సొంత లెక్క వద్దు.

మొదటి పొడవు రాసిపెట్టుకుంటే ఇంకో లాభం ఉంది. తర్వాత ఎప్పుడైనా విప్పినప్పుడు బోల్టు మొదటి పొడవుకు రాకుండా వెయ్యో వంతు అంగుళం, అంటే 0.025 మి.మీ. పెరిగి ఉంటే మార్చేయాలి. ఏఆర్‌పీ వాళ్లు తమ రాడ్ బోల్టులకు చెప్పే హద్దు అదే.

మట్టెవాడ మెకానిక్ | శనివారం రాత్రి 9:00

పరకాల తమ్మీ, మీ మెకానిక్‌ను నాకు ఫోన్ చేయమను. అతను మొహమాటపడితే బిగించే రోజు రెంచ్ తీసుకుని నేనే వస్తా. పరకాల ఎంత దూరం! కానీ పని అతని చేతుల మీదుగానే జరగాలి, ఊళ్లో అతని మాట పోకూడదు. నేనూ నా షెడ్డులో కుర్రాళ్లకు ఈ ఆయిల్ లెక్క చూపించాను.

పరకాల రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 7:50

చాలా సంతోషం అన్నా, తప్పకుండా రండి, మా ఇంట్లోనే భోజనం. రెండో రాడ్ పెద్ద కన్ను నిజంగానే నిలువునా సాగిందట, సరిచేస్తున్నారు. ఆఖరి ప్రశ్న. 50 గంటలు నడిచాక సంప్ దించి రాడ్ బోల్టులు ఇంకోసారి బిగించాలా? మా మెకానిక్ అలా చేస్తానంటున్నాడు.

గోదావరిఖని డంపర్ | ఆదివారం ఉదయం 8:40

మాన్యువల్ చెప్పకపోతే వద్దు. నడిచిన బోల్టుకు రెంచ్ పెడితే అది కదలడానికి ముందు పట్టిన రాపిడిని చూపిస్తుంది, లోపల లాగుడు ఎంతుందో చెప్పదు. కదిలితే ఎంత ఎక్కువ బిగిసిందో తెలియదు. డిగ్రీల బోల్టు అయితే అస్సలు ముట్టుకోకూడదు. నిజంగా అనుమానం వస్తే ఆ బోల్టు పూర్తిగా వదులు చేసి, తీసి, చూసి, ఆయిల్ రాసి మొదటి నుంచి బిగించాలి.

దాని బదులు మొదటి స్టార్ట్ జాగ్రత్తగా చేయండి. డీజిల్ ఆపే స్టాప్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొద్దికొద్దిగా తిప్పండి, తర్వాతే ఇంజిన్ అందుకోనివ్వండి. మొదటి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ పారేయకుండా కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. దుమ్ములాంటి సన్నటి బూడిద రంగు మెరుపు కొత్త ఇంజిన్‌కు మామూలే. రేకులు రేకులుగా మెరిసినా, రాగి రంగు కనిపించినా బండి అక్కడే ఆపి సంప్ దించండి.